బీల్డ్ గోడకు పడిన గండి

"ఒంటిగంటకు ఇద్దరూ కొండెక్కారు. అయిదింటికి ఒక్కడే దిగాడు. చొక్కా చేతికి నెత్తురు. ఇంకా ఏం కావాలండీ మీకు?"

ఎడ్విన్ రిగ్ బూట్లకంటిన మంచు ఇంకా దులుపుకోలేదు. ఇన్‌స్పెక్టర్ క్రాస్లీ వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి మరీ అడిగాడు.

"మనిషి కావాలి," అన్నాడు రిగ్. "ఆవిడ అక్కగారు నన్ను పంపింది అందుకే."

"శవం దొరుకుతుంది. అక్కగారిని గుండె దిటవు చేసుకోమనండి."

"మీకు దొరికిందా?"

"దొరుకుతుంది అంటున్నాగా."

"అంటే దొరకలేదు," అని రిగ్ అతని పక్కనుంచి లోపలికి వెళ్లాడు.

రిగ్ కెండల్ పట్నంలో ప్రైవేటు డిటెక్టివ్. ఒకప్పుడు పోలీసు ఉద్యోగం చేసి మానుకున్నవాడు. క్రాస్లీకి గిట్టనిది అదే. కనిపించకుండా పోయిన మనిషి పేరు ఎనిడ్ ఫార్లే. యాభై దాటిన వయసు, విశ్వవిద్యాలయంలో ఉద్యోగం. కొండపల్లెల్లో ముసలివాళ్ల నోట మిగిలిన పాత మాటల్ని, వాళ్లతోపాటు మట్టిలో కలిసిపోకముందే, పోగు చేసుకోవడం ఆవిడ పని. పదిరోజులుగా మౌన్సీ దంపతుల ఈ ఇంట్లోనే బస. రోజూ సాయంత్రం కింద ఊళ్లోని టెలిఫోను పెట్టె దాకా నడిచి వెళ్లి అక్కతో నాలుగు మాటలు మాట్లాడేది. నిన్న ఫోను రాలేదు. అక్కగారు ముందు పోలీసులకు చెప్పింది. వాళ్ల మీద నమ్మకం చాలక ఆనక రిగ్‌కి చెప్పింది. తెల్లవారుతూనే అతను పాల లారీ పట్టుకుని వచ్చాడు. దారి పొడుగునా ఆ డ్రైవరు ఒక్క మాట మాట్లాడలేదు గాని, తన కాళ్ల మీది గోనెపట్టాలో సగం తీసి రిగ్ మోకాళ్ల మీద కప్పాడు.

జోసెఫ్ మౌన్సీ పొయ్యి పక్కన పీట మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఏళ్ల గొర్రెల కాపరి. చేతులకు బేడీలు. ఇనుము చల్లగా కొరకకుండా ఎవరో ఉన్ని చేతితొడుగులు మడిచి బేడీల కింద దూర్చారు. మూలన నిలబడ్డ కానిస్టేబుల్ బెల్ చేతులు ఉత్తగా, ఎర్రగా ఉండటం రిగ్ గమనించాడు.

"పెద్దాయనా, నా పేరు రిగ్. గోడలు కట్టే ఆల్బర్ట్ రిగ్ కొడుకుని."

ముసలాయన తలెత్తి చూశాడు. "ఎరుగుదును. మంచి గోడలు కట్టేవాడు. కొడుకేమో ఇలా తయారయ్యావన్నమాట."

"మా నాన్నా అదే అనేవాడు. ఆవిడ ఎక్కడుంది?"

"వెళ్లిపోయింది."

"ఎటు?"

"తన దారిన."

"మంచు కురుస్తుంటేనా?"

"చెప్పాల్సింది చెప్పాను."

"వచ్చినప్పటినుంచీ ఇదే పాట," అన్నాడు క్రాస్లీ. "గోడకు చెవులుంటే గోడైనా విసుక్కునేది."

రిగ్ పొయ్యి దగ్గర నిలబడ్డ ముసలావిడ వైపు తిరిగాడు. "అమ్మా, నిన్న మంచు ఎప్పుడు మొదలైంది?"

"మూడు దాటాక నాయనా. తీగ మీద బట్టలు తీసుకుంటున్నా, అప్పుడే మొదటి పలుకు ముక్కు మీద పడింది," అంది సేరా మౌన్సీ. "పొద్దుపోయాక గాని ఆగలేదు."

"వీళ్లిద్దరూ పైకి ఎందుకెళ్లారు?"

"కొండ మీది గొర్రెల గోడ చూపించడానికి. బీల్డ్ చూడాలని ఆవిడ ఒకటే సరదా పడింది."

"సరదా!" క్రాస్లీ నవ్వాడు. "మొన్న రాత్రి ఆ మాట మీదే ఈయన ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. పెద్దావిడే ఒప్పుకుంది."

"ఒప్పుకోవడం ఏంటయ్యా? అడిగావు, చెప్పాను. దొంగతనం చేసినదాన్లా మాట్లాడతావేం?"

"నాకూ చెప్పమ్మా," అన్నాడు రిగ్.

ఆవిడ చేతులు తుడుచుకుంది. భర్త వైపు ఒకసారి చూసింది. ఆయన నిప్పుల వైపు చూస్తున్నాడు.

"భోజనాల దగ్గర అడిగింది. మంచుగాలి కొడితే గొర్రెలు చాటుకి నిలబడే గోడని మీరేమంటారు అని. బీల్డ్ అంటాం, ఇంకేమంటాం అన్నాడు ఈయన. ఆవిడ మొహం చూడాలి నాయనా, పండగ వచ్చినట్టు వెలిగిపోయింది. వెయ్యేళ్ల కిందట ఆ మాటకి గోడ అని అర్థమే కాదట. గుండె ధైర్యమట. ఇప్పుడు బోల్డ్ అంటాం చూడు, దానికి తోబుట్టువట. మొదట ధైర్యం. తర్వాత ఒకరికి ధైర్యం చెప్పడం. తర్వాత ఆ చెప్పే మనిషి, అండ. ఆనక అండ దొరికే చోటు, ఇల్లు. మన కొండలెక్కేసరికి గొర్రెల గోడ అయి కూర్చుంది. వెయ్యేళ్లు నడిచి నడిచి గుండెల్లోంచి గొర్రెల దగ్గరికి చేరింది పాపం, అని ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను."

"మరి తగువెక్కడ?"

"నక్క దూరే బండల సందుని కూడా బీల్డే అంటారటగా, మీ కొండ మీద ఉందా, చూపిస్తారా అంది. దాక్కునే కన్నానికీ, ధైర్యానికీ ఒకటే మాట పెట్టుకున్న జనం మీరు, ఎంత బాగుందో అంది. అంతే. ఈయన బల్ల గుద్దాడు. పులుసు గిన్నె ఒలికింది. ఈ ఇంట్లో ఆ మాట ఎత్తొద్దని అరిచాడు."

"విన్నారుగా," అన్నాడు క్రాస్లీ. "నక్క కన్నం చూపించమంటే మనిషిని చంపుతారా అంటారు మీరు. అంతకంటే చిన్నవాటికి చంపినవాళ్లని చూశాను నేను."

"అంత కోపం వచ్చినవాడు మర్నాడు తనే దగ్గరుండి కొండకి ఎందుకు తీసుకెళ్లాడు?"

"చంపడానికి."

రిగ్ ముసలాయన్ని అడిగాడు. "ఎందుకు తీసుకెళ్లారు?"

"తీసుకెళ్లకపోతే తనే పోయేది. మొండిఘటం." మొదటిసారి ఆ గొంతులో కాస్త చనువు వినిపించింది. "దారి తప్పి ఎక్కడెక్కడికో పోయేది."

'ఎక్కడెక్కడికో.' ఆ మాట రిగ్ మనసులో పెట్టుకున్నాడు.

"ఇంట్లో ఇంకెవరుంటారమ్మా?"

"ఎవరుంటారు, మేమిద్దరమే. ఒక్కడే కొడుకు. యుద్ధానికి వెళ్లాడు."

ఆవిడ పొయ్యి వైపు తిరిగి, అవసరం లేకపోయినా నిప్పులు ఎగదోసింది. అలా వెళ్లిన కొడుకులు ఆ లోయలో ప్రతి రెండో ఇంట్లో ఉన్నారు.

క్రాస్లీ గడియారం తీసి చూశాడు. "మధ్యాహ్నానికి మళ్లీ మంచట. రోడ్డు మూసుకుపోకముందే ఈయన్ని స్టేషనుకి చేర్చాలి. మావాళ్లు శవం కోసం చెరువు మీది మంచుగడ్డ పగలగొడతారు. మీరు ఇంటికెళ్లి వేడిగా టీ తాగండి."

"ఆవిడ బతికుంటే, ఎక్కడుందో తెలిసిన మనిషి ఈయనొక్కడే. ఈయన్ని పట్నం తీసుకెళ్లి తాళం వేస్తే, మంచు పడ్డాక ఎవర్ని అడుగుతారు?"

"బతికుంటేగా!"

"ఒక్కసారి ఆ చోటు చూడనివ్వండి. ఈయన్నీ తీసుకురండి. నాది తప్పయితే ఈయన నా ఎదుటే నేరం ఒప్పుకోవచ్చు. మీకు నష్టమేముంది?"

క్రాస్లీకి ఆ బేరం నచ్చింది. బేడీలు విప్పించాడు. సేరా భర్తకి కోటు తొడిగింది. ఎడమ చెయ్యి మామూలుగా దూరింది. కుడిచేతికి మాత్రం ఆవిడ కోటునే కిందికి దించి, పసిపిల్లవాడికి తొడిగినట్టు మెల్లగా పైకి లాగింది.

"ఏమైంది భుజానికి?"

"రెండేళ్లయింది, పొట్టేలు కుమ్మి. ఆ చెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు," అంది ఆవిడ. తర్వాత బూడిదలోంచి రెండు కాలిన బంగాళాదుంపలు తీసి, ఒకటి రిగ్ కోటు జేబులో వేసింది. రెండోది క్రాస్లీ జేబులో వేసింది. "చేతులు కాచుకో నాయనా. పైన గాలి పాడుగా ఉంటుంది."

మొగుణ్ని పట్టుకుపోతున్నవాడికి దుంప పెట్టిన ఆ చేతిని క్రాస్లీ ఒక క్షణం చూసి, మొహం తిప్పుకున్నాడు.

*

ఇంటి చుట్టూ పొలాలకు రాతిగోడలు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి పేర్చినవి. గోడ నెత్తిన తలరాళ్లు, బీరువాలో పుస్తకాల్లా నిలువుగా, ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి.

"మీ తలరాళ్లు కొండవైపు వాల్చారేం?" అన్నాడు రిగ్.

"మా తాత అలా పెట్టాడు. ఈ లోయలో అందరూ కిందికి వాలుస్తారు, మాది తప్పంటారు."

"మా నాన్న కూడా తప్పే అనేవాడు."

"మీ నాన్నకి గోడలు తెలుసు. గొర్రెలు తెలీవు."

"మీ ఇద్దరికీ కబుర్లయ్యాక చెబితే నేను హత్య సంగతి చూసుకుంటాను," అన్నాడు వెనక నుంచి క్రాస్లీ.

పైకి చేరేసరికి రిగ్‌కీ, క్రాస్లీకీ, వెంట వచ్చిన బెల్‌కీ ఆయాసం వచ్చింది; ముసలాయనకు రాలేదు. కొండ మీద ఏటవాలుగా ఎక్కే పెద్ద హద్దుగోడ. దాన్నుంచి మోచేతిలా బయటికి పొడుచుకొచ్చిన పొట్టిగోడ బీల్డ్. పొద్దున్నే పోలీసులు గుచ్చి చూసిన కన్నాలతో అక్కడి మంచంతా జల్లెడలా ఉంది. హద్దుగోడకు అవతల ఎప్పుడో వదిలేసిన పలకరాతి గని.

క్రాస్లీ సంచిలోంచి గోధుమరంగు ఉన్ని శాలువా ముక్క తీశాడు. "ఆవిడ శాలువా, ఇక్కడే దొరికింది. నెత్తురు చూశారుగా. పెనుగులాటలో చిరిగింది."

రిగ్ దాన్ని వెలుతురులో పట్టుకున్నాడు. "చిరగలేదు, కోశారు. అంచు చూడండి, కత్తి తిన్నగా వెళ్లింది. పొడుగ్గా పట్టీలు కోసుకోగా మిగిలిన ముక్క ఇది."

"చేతులు కట్టడానికి కోసి ఉంటాడు."

"కావచ్చు. ఆవిడ చేతికర్ర దొరికిందా?"

"లేదు."

"కర్ర లేకుండా ఆవిడ కొండెక్కదని అక్కగారు చెప్పారు. మనిషిని చంపినవాడికి కర్ర దేనికి? పట్టీలు, ఒక గట్టి కర్ర. ఈ రెండూ కలిపి దేనికి పనికొస్తాయి ఇన్‌స్పెక్టర్ గారూ?"

కానిస్టేబుల్ బెల్ గొంతు సవరించుకున్నాడు. "కాలు విరిగితే కట్టు కట్టడానికి సార్. నాకు అలాగే కట్టారు, ఫుట్‌బాల్‌లో..."

"నిన్నెవరడిగారు?" అన్నాడు క్రాస్లీ.

మౌన్సీ వాళ్లవైపు చూడటం లేదు. కావాలని చూడటం లేదు. కళ్లు కింది లోయ మీద ఉన్నాయి, మనసు మాత్రం వీపు వైపు ఉంది. రిగ్ ఆ వీపు ఎదురుగా ఏముందో చూశాడు. హద్దుగోడ.

గోడ వెంట మెల్లగా నడిచాడు. ప్రతి తలరాతి మీదా మంచు టోపీ. వేలు పెట్టి రాళ్ల సందుల్లో తడిమాడు. పొడి రాయి, నాచు, పొడి రాయి. బీల్డ్ మలుపుకి పది అడుగుల అవతల అతని వేలు ఆగింది.

"క్రాస్లీ గారూ, ఇలా రండి. ఈ రాయి ఎత్తండి."

"నేను కూలీ పనికి రాలేదు."

"ఒక్క రాయి."

క్రాస్లీ రెండు చేతులా పట్టుకుని, పళ్లు బిగించి, ఒక తలరాయి పైకి లేపాడు. దాని అడుగున నొక్కుకుపోయి పలకలా అయిన మంచు ఉంది.

"ఇప్పుడు దాని పక్కది."

"చాలు, చెప్పండి!"

"దీని కింద మంచుంది. ఆ పక్క గోడంతా వెతకండి, పైన తప్ప రాయి కింద ఎక్కడా మంచు లేదు. మూడు దాటాక మంచు పడింది. అంటే ఇక్కడ గోడ కూలింది. మూడు దాటాక, మంచు పడుతుండగా, ఎవరో మళ్లీ కట్టారు. కింద పెద్దరాయి, రెంటి అతుకు మీద మూడోది, సందుల్లో చిన్నరాళ్లు కూరి, ఏ మాత్రం తొందరపడకుండా కట్టారు. ఒక్క రాయి ఎత్తడానికే మీకు మొహం ఎర్రబడింది. రొమ్ము దాటి చెయ్యి లేవని ఈయన ఇన్ని రాళ్లు ఎత్తాడంటారా?"

క్రాస్లీ రాయి కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. "సరే. రెండో మనిషి ఉన్నాడు. తోడుదొంగ. కేసు ఇంకా బలపడింది."

"చంపి పారిపోయేవాడు గోడ కడతాడా?" రిగ్ గొంతు మొదటిసారి పెరిగింది. "గోడ అవతల గని. గండి అలాగే వదిలేస్తే రాత్రికి చీకట్లో గొర్రెలు ఒకదాని వెంట ఒకటి దాంట్లో పడి చస్తాయి. ఎవడో ఆవిడ్ని భద్రంగా ఒకచోట చేర్చి, ఆ మంచుతుఫానులో మళ్లీ వెనక్కి వచ్చి, గండి పూడ్చిపోయాడు. ఎవరి కంటా పడకూడదని దాగినవాడు. రాళ్లు అలా పడి ఉంటే, కూలిన గోడలే అని మీరూ నేనూ అటు చూసేవాళ్లమే కాదు. కట్టి, తన చేతి ఆనవాలు ఇక్కడ వదిలిపెట్టాడు. ఈ కొండల్లో పుట్టినవాడు తప్ప ఇంకెవడూ చెయ్యని పొరపాటు ఇది."

"ఎవడు వాడు?"

"తలరాళ్లు చూడండి."

అందరూ చూశారు. అటూ ఇటూ గోడ పొడుగునా రాళ్లన్నీ లోయవైపు వాలి ఉన్నాయి. ఆ గండి పూడ్చిన చోట మాత్రం కొండవైపు.



"పెద్దాయనా," అన్నాడు రిగ్ మెల్లగా. "కొడుకు యుద్ధానికి వెళ్లాడని చెప్పింది మీ ఆవిడ. తిరిగి రాలేదని మాత్రం అనలేదు. పేరేంటి?"

మౌన్సీ హద్దుగోడ వైపు తిరిగాడు.

"విల్ఫ్రెడ్."

ఆ పేరు బయటికి వచ్చాక మిగతాది దానంతటదే వచ్చింది. ముసలాయన బీల్డ్ గోడకు ఆనుకుని, ఎవరి మొహమూ చూడకుండా చెప్పుకుపోయాడు.

"నలభై నాలుగులో సెలవు మీద వచ్చాడు. తిరిగి వెళ్లాల్సిన రోజు బూటు తాడు కట్టుకోలేకపోయాడు. చేతులు అంత వణికాయి. వాళ్లమ్మ వంగి కట్టింది. వాడు మెట్టు దిగి, పాకలోకి వెళ్లి, కూర్చుండిపోయాడు. రమ్మంటే రాడు, పొమ్మంటే పోడు. అప్పటినుంచీ ఈ కొండే. మూడుసార్లు పోలీసులొచ్చారు. తెలీదన్నాను. తొమ్మిదేళ్లుగా తెలీదనే అంటున్నాను."

"నిన్న?"

"ఆవిడ నక్క సందు చూస్తానని గోడెక్కింది. వద్దంటే వినదు. గోడ జారి రాయి కాలి మీద పడింది. నేను ఒంటిచేత్తో రాయి తొలగించలేక అరుస్తుంటే... వాడు వచ్చాడు. పట్టపగలు, వేరే మనిషి ఎదటికి. రాయి తీశాడు, కట్టు కట్టాడు, పసిపిల్లలా ఎత్తుకున్నాడు. ఆవిడకు సంగతి అర్థమైపోయింది. నా నోటెంట ఈ సంగతి బయటికి రాదు, సాయంత్రం దాకా ఓపిక పడతానులెండి, చీకటి పడ్డాక మీవాడే రోడ్డు దాకా దించుతాడు, ఎవరికీ చెప్పకండి అంది. అంత నొప్పిలోనూ, పళ్లు బిగపట్టుకుని, మావాణ్ని అడిగింది. 'ఈ గోడని నువ్వేమంటావు బాబూ?' అని."

కానిస్టేబుల్ బెల్ ఫక్కున నవ్వి, వెంటనే ఆపుకున్నాడు.

"రాత్రి మంచుకి కట్టెల బండి దిగలేదు. పొద్దున వైద్యుడికి కబురు పెడదామనుకునేసరికి మీ కారు వాకిట్లో ఉంది. చెబితే వాడు పోతాడు. చెప్పకపోతే ఆవిడ... పొద్దుటినుంచీ మనసులో అదే."

"పటాలం వదిలి పారిపోయినవాడు," అన్నాడు క్రాస్లీ. "తొమ్మిదేళ్లు నా ముక్కు కిందే!"

రిగ్ ముసలాయన ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. "మీ ఇంట్లో రేడియో ఉందిగా. సోమవారం వార్తలు విన్నారా?"

"బ్యాటరీ అయిపోయి వారమైంది. పేపరు మా ఇంటికి రాదు. ఏం?"

"సోమవారం పార్లమెంటులో చెప్పారు. జూన్‌లో కొత్త రాణిగారి పట్టాభిషేకం కదా, ఆ సందర్భంగా. యుద్ధం రోజుల్లో పటాలం వదిలి వెళ్లినవాళ్లు అర్జీ పెట్టుకుంటే చాలు. కేసు లేదు, జైలు లేదు."

మౌన్సీ అతన్ని ఎగాదిగా చూశాడు. "డిటెక్టివు మాట. నా కొడుకుని బయటికి రప్పించడానికి నువ్వు ఇంకా ఏమైనా చెబుతావు."

రిగ్ క్రాస్లీ వైపు చూశాడు. ముసలాయనా అటే చూశాడు.

క్రాస్లీ ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. రిగ్ అబద్ధాలకోరు అవుతాడు, తొమ్మిదేళ్లు దొరకని మనిషి రేపు పేపర్లో తన పేరు పక్కన ఉంటాడు. అతను బూటు కొసతో మంచు తన్నాడు. జేబులో చెయ్యి పెట్టి, అక్కడి దుంప ఇంకా వెచ్చగా ఉందో లేదో చూస్తున్నట్టు కొంచెంసేపు అలాగే నిలబడ్డాడు.

"నిజమే పెద్దాయనా," అన్నాడు చివరికి. "నిన్న పొద్దున్నే నా బల్ల మీదికి వచ్చింది ఆ కబురు. కేసుండదు."

"ఒట్టు?"

"మా అమ్మ మీద ఒట్టు."

ముసలాయన గోడ వదిలి అడుగు వేయబోయి మంచులో జారాడు. పడబోతే పట్టుకున్నది కూడా క్రాస్లీయే.

"గనిలో," అన్నాడు మౌన్సీ. "బండల వెనక, పనివాళ్ల పాత కొట్టం."

*

కొట్టం తలుపు తోయగానే వెచ్చటి గాలి మొహానికి తగిలింది. మూలన నిప్పులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఎండుగడ్డి పరుపు, నీళ్ల గిన్నె, అందులో తడిగుడ్డ. మనిషి లేడు. ఆవిడా లేదు.

"పోయాడు!" క్రాస్లీ గోడ మీద పిడికిలితో కొట్టాడు. "ఆవిడ్ని కూడా లాక్కుని కనుమ దాటేశాడు. ఒట్టు కూడా వేసి మోసపోయాను!"

మౌన్సీ గుమ్మంలోనే ఆగిపోయాడు. "కట్టెల బండి లేదు," అన్నాడు పొడిగా. "మంచు మీద లాగేది."

రిగ్ వంగి పరుపు మీది కంబళి ముట్టుకున్నాడు. చెమటతో తడిసి ఉంది. గిన్నెలో గుడ్డ పిండి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వెనిగరు వాసన.

"ఆవిడకు రాత్రే జ్వరం వచ్చింది. రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాడు. తగ్గలేదు. చీకటి పడేదాకా ఆగితే ఆవిడ దక్కదనుకున్నాడు."

"అయితే ఎటు పోయాడు?"

రిగ్ అప్పటికే బయట ఉన్నాడు. కొట్టం వెనక మంచులో రెండు లోతైన చాళ్లు, వాటి మధ్య ఒక మనిషి అడుగులు. అవి కనుమ వైపు పోలేదు. గని నోటిలోంచి తిన్నగా కిందికి, బాట వైపు, వైద్యుడుండే ఊరి వైపు దిగాయి. ఆ వాలు మీద చెట్టూ లేదు, పుట్టా లేదు. అక్కడ నిలబడితే మౌన్సీ ఇంటి వాకిట్లో ఉన్న పోలీసు కారు అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తోంది.

"ఆ కారు చూసే దిగాడు," అన్నాడు రిగ్. "పార్లమెంటు సంగతి వాడికెవరు చెబుతారు? జైలనుకునే దిగాడు."

మంచు మళ్లీ మొదలైంది. ఆ తెరలోంచి, వాలు సగంలో, ఒక నల్లటి చుక్క కదులుతోంది. నడుముకి తాడు కట్టుకుని బండికి పైన వెనక్కి వాలుతూ, బండి జారిపోకుండా అడుగడుగూ నిలదొక్కుకుంటూ దిగుతున్న మనిషి. బండి మీద కంబళ్ల మూట. వాలు కింద వాగు నోరు తెరుచుకుని ఉంది.

ఇంటి దగ్గర కాపలా ఉన్న పోలీసులిద్దరూ కూడా అతన్ని చూశారు. లాఠీలు తీసి, కేకలు వేస్తూ పైకి పరిగెత్తుకొస్తున్నారు.

ఆ మనిషి ఆగిపోయాడు.

"తాడు వదిలి పారిపోతే బండి వాగులోకే పోతుంది," అన్నాడు బెల్.

క్రాస్లీ చెయ్యి అలవాటుగా మెడలోని ఈల మీదికి వెళ్లింది. రిగ్ ఆ చెయ్యి పట్టుకునేలోపే మౌన్సీ గని అంచుకి వచ్చేశాడు. ఎడమచెయ్యి ఒక్కటే పైకెత్తి, తొమ్మిదేళ్లు గుసగుసగా తప్ప పలకని పేరుని కొండంతా వినిపించేలా పిలిచాడు.

"విల్ఫ్! ఒరేయ్ విల్ఫ్! ఏం కాదురా! వదలకు!"

ఆ మనిషి పైకి చూశాడు. కిందికి చూశాడు. పైనా పోలీసులే, కిందా పోలీసులే. పక్కనే బండలు, వాటి మధ్య చిన్నప్పటినుంచీ ఎరిగిన నక్కసందులు. నాలుగు అంగల్లో మాయం కావచ్చు.

అతను తాడుని నడుము చుట్టూ ఇంకో చుట్టు తిప్పుకుని, మడమలు మంచులోకి దించి, మళ్లీ దిగడం మొదలుపెట్టాడు, లాఠీలు వస్తున్న వైపే.

క్రాస్లీ ఈల వదిలేసి పరిగెత్తాడు. మోకాలి లోతు మంచులో పడుతూ లేస్తూ, "ఆగండ్రా! లాఠీలు దించండి! దించమంటున్నానా!" అని తన మనుషుల మీదే అరుస్తూ బండి దాకా జారిపోయి, దాని వెనక కొయ్యని రెండు చేతులా పట్టుకున్నాడు. అతని బరువుకి బండికి ఒక్క కుదుపు వచ్చింది. కంబళ్ల లోంచి ఆడగొంతు మూలిగింది.

గడ్డం నిండా మంచు అంటిన ఆ మనిషి మొదటిసారి పోలీసు మొహంలోకి సూటిగా చూశాడు.

"మెల్లగా సార్," అన్నాడు. "ఆ కొయ్య కొంచెం పైకెత్తి పట్టుకోండి. కాలు కదిలితే ఆవిడకు నొప్పి."

ఇన్‌స్పెక్టర్ క్రాస్లీ కొయ్య పైకెత్తి పట్టుకున్నాడు.